చైనాలో రెండు మిషనరీ మార్గాలు: అంగీకారం, నిషేధం

1582లో మకావు చేరిన జెస్యూట్ అనే కాథలిక్ సంఘపు గురువు మత్తెయో రిచ్చి, కన్ఫ్యూషియస్ గ్రంథాలు చదివి, పండితుల వేషం ధరించి, పూర్వీకులకు చేసే వందనం మతపూజ కాక కుటుంబ మర్యాదేనని భావించి, క్రైస్తవులైనవారు దానిని కొనసాగించడానికి అనుమతించాడు. గణితం, ప్రపంచ పటాల ద్వారా ఆదరణ పొంది 1601లో బీజింగులో స్థిరపడ్డాడు. 1630లలో వచ్చిన డొమినికన్, ఫ్రాన్సిస్కన్ అనే ఇతర కాథలిక్ సంఘాల సన్యాసులకు అదే ఆచారం విగ్రహారాధనగా తోచింది. ఆగ్నేయ చైనాలోని ఫూజియాన్‌లో సామాన్యుల మధ్య పనిచేసిన వారి అభ్యంతరాన్ని మూఢత్వమని కొట్టివేయడం న్యాయం కాదు. అయినా రిచ్చి మార్గమే మేలైనదని నా దృఢాభిప్రాయం: 1715లో పోపు 11వ క్లెమెంట్ ఆ ఆచారాలపై నిషేధాన్ని ఖరారు చేయగా, 1692లో క్రైస్తవాన్ని సహించిన కాంగ్షీ చక్రవర్తే 1721లో మత ప్రచారాన్ని నిషేధించాడు. రోము తన ఆంక్షను సడలించింది 1939లో.