టెక్‌సన్ పీఎల్-330, పది మీటర్ల తీగ: హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్ల షార్ట్‌వేవ్

ఈ రేడియో కొన్న రోజు రాత్రి చాలా నిరుత్సాహపడ్డాను. మలక్‌పేటలో మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో ఫ్లోరు. యాంటెనా పూర్తిగా లాగి 31 మీటర్ల బ్యాండ్ (దూరదేశాల స్టేషన్లు వచ్చే షార్ట్‌వేవ్‌లో ఒక భాగం) ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పితే, పిండిమర పక్కన నిలబడ్డట్టు ఒకటే మోత. దాని వెనకాల ఎక్కడో ఎవరో చైనీస్‌లో మాట్లాడుతున్నారు. సెట్టే పాడైందనుకున్నాను.

వారం తర్వాత ఒక సాయంత్రం కరెంటు పోయింది. కింద జనరేటర్ ఆన్ చేసేలోపు రెండు మూడు నిమిషాలు దొరికాయి. అదే సెట్టు, అదే కిటికీ. నాలుగైదు స్టేషన్లు గదిలో మనిషి కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా పలికాయి. రేడియోకి ఏ జబ్బూ లేదు, మోతంతా మా బిల్డింగ్‌దే అని అప్పుడు తెలిసింది. అందుకే ఇక్కడ సెట్టు గురించి కొంచెమే రాసి, మోత గురించి ఎక్కువ రాస్తాను.

సెట్టు అరచేతిలో పడుతుంది. ఎఫ్‌ఎం, మీడియం వేవ్, లాంగ్ వేవ్ ఉన్నాయి. షార్ట్‌వేవ్ 1711 నుంచి 29999 కిలోహెర్ట్జ్ దాకా. నేను దీన్నే ఎంచుకోవడానికి కారణం ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్ బ్యాండ్) అనే పద్ధతిలో వచ్చే మాటలు కూడా ఇందులో వినగలగడం. హ్యామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సొంత రేడియో సెట్ల మీద సరదాగా మాట్లాడుకునేవాళ్లు, మాట్లాడేది ఎక్కువగా అందులోనే. మామూలు రేడియోలో ఆ మాటలు ముక్కుతో గొణిగినట్టు వినిపిస్తాయి, ఒక్క ముక్క అర్థం కాదు. బ్యాటరీ పాత నోకియా ఫోన్లలో వేసే బీఎల్-5సీ, జగదీశ్ మార్కెట్‌లో తేలిగ్గానే దొరికింది. ఆ గంటలో వినబడే స్టేషన్లను తనే వెతికి దాచుకునే ఈటీఎం సదుపాయం రోజూ వాడతాను. స్పీకరు చిన్నది, బలహీనమైన స్టేషన్లకు ఇయర్‌ఫోన్ పెట్టాల్సిందే. ఛార్జింగ్ పెట్టి వినకండి, ఛార్జర్ మోత నేరుగా లోపలికి వస్తుంది. మీడియం వేవ్‌లో మన హైదరాబాద్ 738 ఎలాగూ ఉంది, రాత్రయితే విజయవాడ 837 కూడా అందుతుంది.

ఇక మోత సంగతి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి మెయిన్ ఆపేశాను. రేడియోని 9700 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి ఎంసీబీలు (మెయిన్ బోర్డులోని స్విచ్చులు) ఒక్కొక్కటే ఆన్ చేస్తూ విన్నాను. వంటింటి ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ వెలగగానే మోత మొదలైంది. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ దానికి తోడైంది. అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టింది బెడ్‌రూమ్‌లో ఎప్పుడూ ప్లగ్‌కే ఉండే ఒక చవక ఫోన్ ఛార్జర్. దానికి ఫోన్ కూడా తగిలించి లేదు. ఇవన్నీ కరెంటును సెకనుకు వేల సార్లు ఆపుతూ వదులుతూ పనిచేస్తాయి. లోపల ఫిల్టర్ సరిగా లేకపోతే ఆ కదలిక షార్ట్‌వేవ్ అంతటా పరుచుకుంటుంది. ఛార్జర్ తీసేశాను, ట్యూబ్‌లైట్ మార్చాను, అడాప్టర్ వైరుకు ఫెరైట్ ముక్క (వైరు వెంట పాకే మోతను అణిచే నల్లటి అయస్కాంత పదార్థం) బిగించాను. సగం పైగా తగ్గింది. మిగతాది పక్కింటివాళ్లది, పైవాళ్లది. వాళ్ల ఇళ్లలో ఎంసీబీలు మనం ఆపలేం కదా.

కాబట్టి యాంటెనాని మోతకు దూరంగా డాబా మీదికి తీసుకెళ్లాను. ఇంటి వైరింగ్‌కు వాడే తీగే పది మీటర్లు, వాటర్ ట్యాంకు పైపు నుంచి మెట్ల గది గోడ దాకా. మొదట ఇరవై మీటర్లు కట్టాను. చిన్న సెట్టుకు అది మరీ ఎక్కువై, గట్టి స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కడుతుంటే వాచ్‌మన్ పైకొచ్చాడు. "ఏంది సార్ గిది, డిష్ వైరా?" అన్నాడు. రేడియో కోసం అని చెప్పాను. "మా నాయన పొలంకాడ రేడియోని చెట్టుకు కట్టి ఇనేటోడు సార్" అని తీగ రెండో కొస తనే పట్టుకున్నాడు.

తీగని నేరుగా ఇంట్లోకి తెస్తే దారి పొడవునా మోతను మళ్లీ పోగేస్తుంది. అందుకని కిందికి కోయాక్స్ కేబుల్ (టీవీ డిష్‌కి వాడేలాంటి, చుట్టూ లోహపు కవచం ఉన్న వైరు) దింపాను. తీగకీ కేబుల్‌కీ పొంతన కుదర్చడానికి మధ్యలో 9:1 ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. నేను చేసిన మొదటి ప్రాజెక్టు అదే, మీరూ దానితోనే మొదలుపెట్టండి. కోఠీ గుజరాతీ గల్లీలో ఫెరైట్ రింగు, మోటార్ వైండింగ్ షాపులో కొంచెం ఎనామిల్ రాగి తీగ కొన్నాను. మూడు తీగలు కలిపి మెలిపెట్టి రింగు మీద తొమ్మిది చుట్లు చుట్టాలి. అందులో కష్టం లేదు. కష్టమంతా కొసల దగ్గరే. ఎనామిల్ పొర రాగి రంగులోనే ఉండడంతో అది పోయిందో లేదో కంటికి తెలియదు. నేను పైపైన గీకి సాల్డర్ పెడితే సీసం గుండ్రంగా పూసలా నిలబడింది, చల్లారాక గోటితో తడితే ఊడి వచ్చింది. బ్లేడుతో తిప్పి తిప్పి గీకి, రాగి గులాబీ రంగులో మెరిసేదాకా ఆగాను. ఈసారి సీసం తీగ చుట్టూ పారి పట్టుకుంది. ఆ రాత్రి బీబీసీ, రేడియో రొమేనియా, 10000 కిలోహెర్ట్జ్ దగ్గర చైనా టైమ్ సిగ్నల్ టిక్కులు, అన్నీ కరెంటు ఉండగానే విన్నాను. అంత సంతోషం ఈ మధ్య కాలంలో నాకు లేదు.

ఎప్పుడు వినాలన్నది కూడా ముఖ్యమే. పగలు సూర్యుడి వల్ల పై వాతావరణంలో ఏర్పడే డీ పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది, అందుకని 19 మీటర్ల బ్యాండ్‌లో వెతకండి. చీకటి పడ్డాక 31, ఆ తర్వాత 49. స్టేషన్ల షెడ్యూళ్లలో ఇచ్చేది యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం), మన టైము రావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. మార్చి, అక్టోబర్ చివర్లలో ఫ్రీక్వెన్సీలు మారతాయి, ఆ వారం స్టేషన్ మాయమైతే కంగారు పడకండి. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పాటల కోసం ఇంటిల్లిపాదీ కూర్చున్న కాలం వేరు. ఆకాశవాణి షార్ట్‌వేవ్ కూడా చాలావరకు ఆగిపోయింది. అయినా బ్యాండ్ ఖాళీ అయిపోలేదు.

పొద్దున్నే 7 మెగాహెర్ట్జ్‌లో ఎల్‌ఎస్‌బీ (ఎస్‌ఎస్‌బీలో ఒక రకం) పెడితే మన దేశపు హ్యామ్‌లు పలకరించుకుంటూ ఉంటారు. ఆ మాటల్లో ఒకరోజు తెలుగు వినబడింది. వినడానికి లైసెన్సు అక్కర్లేదు, మాట్లాడాలంటే కావాలి. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాయొచ్చు, రెస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సుకైతే మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) పరీక్ష కూడా ఉండదు. ఈ విషయంలో మన ఊరికి పేరుంది. సోమాజిగూడ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి చెందిన భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబర్ సునామీ రోజున పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. బయటి ప్రపంచానికి అక్కడి కబుర్లు ఆవిడ రేడియో నుంచి అందాయి. ఇంట్లోనే కట్టుకోగలిగే బిట్‌ఎక్స్ అనే హ్యామ్ సెట్టుని డిజైన్ చేసిన అష్హర్ ఫర్హాన్ గారిదీ హైదరాబాదే. చవక ట్రాన్సిస్టర్లతో, కాయిల్స్ చుట్టడానికి నల్లా వాషర్లతో ఆయన వేసిన ఆ సర్క్యూట్‌ని ప్రపంచమంతా కట్టుకున్నారు. నేను లైసెన్సు వచ్చాక బిట్‌ఎక్స్40 బోర్డు తీసుకున్నాను. దాని పవర్ ఏడు వాట్ల లోపే, ఐనా డాబా మీద తీగ బాగుంటే మాట చాలా దూరం పోతుంది.

ఉరుము వినబడితే కేబుల్ వెంటనే పీకి పక్కన పెట్టండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు ఇంకా కనబడకముందే రేడియోలో టపటపమని చప్పుడు మొదలవుతుంది, అదే హెచ్చరిక. సంక్రాంతికి నేను తీగ దించేస్తాను. మొదటి ఏడాది దించలేదు. పక్క డాబా పిల్లాడి గాలిపటం చిక్కుకుని, దాని మాంజా నా తీగ మీది ఇన్సులేషన్‌ని కోసేసింది. ఇప్పుడు పండక్కి వారం ముందే ఆ పిల్లాడు తలుపు కొట్టి, "అంకుల్, తీగ తీశారా?" అని అడిగి వెళ్తాడు.