మ్యాచ్ పెల్లెట్లు కొంటున్నారా? టేపు లేని డబ్బా తీసుకోవద్దు

తిరుపతి, చిత్తూరు వైపు పిల్లకాయలకు ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్పిస్తున్నవాళ్లు కొంచెం జాగ్రత్త. పేరున్న విదేశీ కంపెనీ మ్యాచ్ పెల్లెట్ల (పోటీల్లో ఎయిర్ రైఫిల్‌కు వాడే చిన్న గుళ్లు) డబ్బాలో వేరే సరుకు నింపి మాకు అంటగట్టారు.

తిరుపతిలో ఒక కొట్టుకు ఫోన్ చేసి 500 పెల్లెట్ల డబ్బా చెప్పాం. ఆర్టీసీ పార్సిల్‌లో చిత్తూరుకు వచ్చింది. లేబుల్ మీద 4.50 మి.మీ., 0.53 గ్రాములు అని ఉంది గానీ, మూత చుట్టూ టేపు లేదు. అడిగితే "స్టాకు చూసేటప్పుడు తీశాం సార్" అన్నాడు.

ఆ డబ్బా మొదలుపెట్టినప్పటి నుంచి మా వాడి షాట్లు చెదిరిపోయాయి. ఊపిరి బిగపట్టడం రావట్లేదని కోచ్ వాణ్నే తిట్టాడు, పాపం. చివరికి ఆయనే రైఫిల్‌ని స్టాండుకు ఆనించి కొట్టినా అదే తంతు. 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అక్కడ పెల్లెట్ తేడా దాగదు.

నగల కొట్టున్న స్నేహితుడి కాటా మీద పెడితే కొన్ని 0.49, కొన్ని 0.56 తూగాయి. కొన్ని బ్యారెల్లోకి వదులుగా జారిపోతున్నాయి, కొన్నిటిని బొటనవేలితో గట్టిగా నొక్కాలి. అన్నిటికంటే ఘోరం స్కర్ట్, అంటే పెల్లెట్ వెనకవైపు పలచటి అంచు. గాలి ఒత్తిడికి అది విచ్చుకుని బ్యారెల్ గాడులను పట్టుకోవాలి. అది సొట్టపోతే గాలి పక్కనుంచి జారి, ఒక్కో షాట్ ఒక్కో వేగంతో పోతుంది. వీటిలో సొట్టలకు లెక్కే లేదు.

కొనేముందు టేపు, లాట్ నంబరు, తల సైజు (పెల్లెట్ ముందు భాగం వ్యాసం) స్టిక్కర్ చూడండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. రాగి పూత ఉన్న గుండ్రటి స్టీలు గుళ్లు "ఇవీ అంతే" అని ఇస్తే అసలు వద్దు, గాడులున్న బ్యారెల్ పాడవుతుంది. అన్నట్టు, మామిడి తోటలో చిలుకల మీదికి వాడదామని ఇవే అడిగేవాళ్లున్నారు. చిలుకను కొట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం.

బిల్లు ఉంది కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. డబ్బా తెరిచాక వాపసు లేదంటున్నాడు కొట్టాయన. తెరిచింది మేమా, ఆయనా అన్నదే ఇప్పుడు గొడవ. మీకూ ఇలాంటి డబ్బా వచ్చి ఉంటే లేబుల్, లాట్ నంబరు ఫోటోలు పెట్టండి, ఫిర్యాదుకు జత చేస్తాను.