ట్రైకోడెర్మా కొనే పసుపు రైతులారా, ముందు ప్యాకెట్ మీద స్టిక్కర్ గీకి చూడండి

ఒళ్లు మండిపోతోంది, అందుకే వెంటనే రాస్తున్నా. మలుపు మీదున్న ఆ పెద్ద పురుగుమందుల షాపు సంగతే. పేరు రాయను, మన నిజామాబాద్ వైపు పసుపు వేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

పోయినేడాది దుంపకుళ్లు ఎంత పని చేసిందో తెలుసు కదా. ఈసారి ముందే జాగ్రత్తపడదామని ట్రైకోడెర్మా విరిడి తెచ్చా, కుళ్లును అడ్డుకునే జీవ మందు అది. 2 కిలోల పొడికి 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, నీళ్లు చల్లి, నీడన గోనెసంచులు కప్పి పెట్టా. వారం దాటాక తీస్తే పైన తెల్లగా, పచ్చగా బూజు అల్లుకుని ఉండాలి. ఏముంది? పెట్టిన ఎరువు పెట్టినట్టే ఉంది. మళ్లీ తడిపా, మళ్లీ కప్పా. ఊహూ.

అనుమానమొచ్చి ఖాళీ ప్యాకెట్ చూస్తే తేదీ దగ్గర స్టిక్కర్ అంచు లేచి ఉంది. గోటితో గీకితే కింద ఇంకో తేదీ. గడువు ఎప్పుడో అయిపోయింది!

ప్యాకెట్ పట్టుకుని షాపుకు పోయా. కౌంటర్ దగ్గర వేరే రైతులు కూడా ఉన్నారు. షాపాయన తలెత్తలేదు. ఫోన్ చూసుకుంటూనే, "బ్యాక్టీరియాకు గడువేందన్నా? బతికున్నదే కదా, ఉన్నకొద్దీ ఇంకా పెరుగుతది" అన్నాడు. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. అంతటితో ఆగాడా? "నమ్మకం లేకుంటే కార్బెండజిమ్ కలిపి వేసుకో, డబుల్ పవర్" అని ఆ డబ్బా కూడా నా ముందు పెట్టాడు.

అయ్యా శాస్త్రవేత్తగారూ, అది బ్యాక్టీరియా కాదు, శిలీంధ్రం. కుళ్లు తెచ్చే బూజును చుట్టుకుని, దాని కణగోడ కరిగించి తినేది. ప్రాణముంటేనే ఆ పని చేస్తుంది. గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉండాలి. ఎండకు కాగే మీ రేకుల షెడ్డులో, గడువు దాటాక, ఎన్ని మిగులుతాయి? పైగా మీరిచ్చే కార్బెండజిమ్ శిలీంధ్రాలను చంపే మందు. మిగిలిన నాలుగింటినీ కూడా అదే చంపుతుంది. నిజంగా డబుల్ పవరే!

డబ్బులు తిరిగిమ్మంటే "బిల్లుందా?" అన్నాడు. ఇచ్చింది తెల్ల చిట్టీ. ఊళ్లో అందరికీ బిల్లు లేకుండా ఏదీ కొనొద్దని చెప్పే పెద్దమనిషిని నేనే, ఏం చేస్తాం. డబ్బు సంగతి సరే, ఆ నవ్వే చెవుల్లోంచి పోవడం లేదు.

మీరు కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ప్యాకెట్ మీదే అచ్చువేసి ఉన్నాయో లేదో చూడండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోండి. మందు ఎక్కడ పెట్టి అమ్ముతున్నారో కూడా ఓ కన్నేయండి. మండల వ్యవసాయాధికారి (ఏఓ) గారికి కాగితం రాసిచ్చా. మీ దగ్గరా స్టిక్కర్ వేసిన ప్యాకెట్లుంటే పారేయకుండా ఆయనకు చూపించండి.