ఇద్దరు మాక్‌బెత్‌లు: నాటకంలో, చరిత్రలో

షేక్‌స్పియర్ మాక్‌బెత్ తన కోటలో అతిథిగా నిద్రిస్తున్న ముసలి రాజు డంకన్‌ను పొడిచి చంపుతాడు. చరిత్రలో డంకన్ ముసలివాడు కాదు. 1040లో మాక్‌బెత్‌తో జరిగిన యుద్ధంలో పోయాడు. ఆ మాక్‌బెత్ 17 ఏళ్లు స్కాట్లాండ్‌ను ఏలాడు. 1050లో రోమ్ యాత్రకు వెళ్లి పేదలకు డబ్బు వెదజల్లాడు. సింహాసనం విడిచి అంత దూరం వెళ్లగలిగాడంటే రాజ్యం ఎంత నిబ్బరంగా ఉండేదో! అలాంటివాడి మీద ఇంత నింద పడడం నాకు బాధే.

అయినా నేను మళ్లీ మళ్లీ తెరిచేది నాటకాన్నే. హత్య చేసి వచ్చిన మాక్‌బెత్‌కు పక్క గదిలో ఎవరో ప్రార్థించడం వినబడుతుంది. తానూ "ఆమెన్" అనబోతాడు. గొంతు పెగలదు. కిరీటం కంటే ముందే, ఆ రాత్రే, శిక్ష మొదలైపోతుంది.