మాల్దీవుల్లో బస: రిసార్టా, లోకల్ ఐలాండ్ గెస్ట్‌హౌసా?

మాల్దీవులు అనగానే నీళ్ళ మీద కట్టిన వాటర్ విల్లాయే గుర్తొస్తుంది. దాని రేటు చూసి ట్రిప్పే మానుకునేవాళ్ళు చాలామంది. మానుకోనక్కర్లేదు. జనం నివసించే దీవుల్లో గెస్ట్‌హౌసులకు 2009లో అనుమతి వచ్చింది. మాఫుషి, తులుస్‌ధూ, ధిగురా లాంటి చోట్ల ఇప్పుడు మామూలు కుటుంబం భరించగల గదులు దొరుకుతున్నాయి.

రిసార్టు అంటే దాదాపుగా దీవి మొత్తం ఒకే హోటల్. ప్రశాంతత, శుభ్రమైన బీచ్, గది మెట్లు దిగితే సముద్రం. ఈ సుఖం గెస్ట్‌హౌసులో రాదు, ఒప్పుకోవాలి. కానీ రిసార్టు దీవిలో అడుగుపెట్టాక కాఫీ అయినా, భోజనమైనా వాళ్ళ దగ్గరే కొనాలి. అందుకే అల్పాహారం ఒక్కటే ఉన్న ప్లాన్ చవగ్గా కనిపించినా తీసుకోవద్దు, కనీసం రాత్రి భోజనం కూడా కలిసేలా చూసుకోండి.

అసలు దెబ్బ ప్రయాణ ఖర్చు దగ్గర పడుతుంది. దూరపు రిసార్టుల్లో చాలావాటికి సీప్లేన్‌లో, అంటే నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో వెళ్ళాలి. రానూ పోనూ ఒక్కొక్కరికి వందల డాలర్లు. పైగా అవి పగలే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలేలోనో, దాని పక్కనున్న హుల్హుమాలేలోనో గది తీసుకోక తప్పదు. గది రేటు కంటే ముందు ఈ ప్రయాణం సంగతి అడగండి. పన్నులు కలిసిన ధర కూడా అడగండి: 2025 నుంచి పర్యాటకులు కట్టే గ్రీన్ ట్యాక్స్ రిసార్టులో మనిషికి రోజుకు 12 డాలర్లు, 50 గదుల లోపు గెస్ట్‌హౌసులో 6 డాలర్లు.

గెస్ట్‌హౌసులో ఉంటే ఊళ్ళో ఉన్నట్టే. పొద్దున్నే ట్యూనా, కొబ్బరి కలిపిన మస్ హుని, రోషి అనే రొట్టెతో తినొచ్చు. ధిగురా నుంచి పడవలో వెళ్తే వేల్ షార్కులు కనిపించే అవకాశం ఏడాది పొడవునా ఉంటుంది. నాకు ఆ ఒక్క ఉదయం ఏ విల్లా కంటే ఎక్కువే. ఇబ్బందులూ ఉన్నాయి. మద్యం దొరకదు. ఈత దుస్తులు పర్యాటకులకు కేటాయించిన బికినీ బీచ్‌లోనే వేసుకోవాలి, ఊళ్ళో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక, కానీ శుక్రవారం చాలా రూట్లలో నడవదు. తిరుగు విమానం ఉన్న రోజు దాని మీద ఆధారపడొద్దు, స్పీడ్‌బోట్ బుక్ చేసుకుంటే టెన్షన్ ఉండదు.

రెండు మూడు రోజుల హనీమూన్ అయితే నేరుగా రిసార్టుకే వెళ్ళండి. పిల్లలతో అయిదారు రోజులైతే మాత్రం నా ఓటు గెస్ట్‌హౌసుకే. మనసు విల్లా మీదే ఉంటే చివరి ఒక్క రాత్రి ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో, స్పీడ్‌బోట్‌లో చేరగల రిసార్టులో దిగండి. ఈ వరుస మాత్రం మార్చొద్దు. ముందు విల్లాలో ఉండి వస్తే, ఎంత మంచి గెస్ట్‌హౌసైనా గది ఇరుకుగా, వెలితిగా అనిపిస్తుంది.