ఫోనా, అంగుళం కాంపాక్టా, 30 రెట్ల జూమా? చెన్నై నుంచి తిరిగేవాళ్లకు ఏది మేలు?

చెన్నైలో ఉంటూ సెలవు దొరికితే మహాబలిపురానికో, పులికాట్‌కో బయల్దేరేవాళ్లు "చేతిలో ఫోనుండగా కెమెరా దేనికి?" అని అడగడం సబబే. పట్టపగలు పంచరథాల ముందు ఇంటిల్లిపాదినీ నిలబెట్టి తీయడానికి మంచి ఫోను చాలు, కాంపాక్ట్ (జేబులో పట్టే, లెన్స్ ఊడిరాని చిన్న కెమెరా) కొన్నా అక్కడ పెద్ద తేడా కనపడదు. కొనేముందు చూసుకోవాల్సింది మీ ఫోను ఎక్కడ చేతులెత్తేస్తోందన్నది. వెలుతురు తక్కువైనప్పుడా, దూరం ఎక్కువైనప్పుడా? ఈ రెండు ఇబ్బందులకూ వేర్వేరు కెమెరాలున్నాయి. ఒకదాని పని ఇంకొకటి చేయదు. షాపులో రెండూ ఒకే అద్దాల బీరువాలో, ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తాయి కాబట్టి చాలామంది పొరబడేది ఇక్కడే.

ఒకటి అంగుళం సెన్సార్ (వెలుతురును ఫోటోగా మార్చే చిప్) రకం: సోనీ ఆర్‌ఎక్స్100 వరుస, కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3. పేరుకే అంగుళం, నిజానికి సెన్సార్ కొలత 13.2 × 8.8 మి.మీ. రెండోది ట్రావెల్ జూమ్: పానసోనిక్ టీజడ్99, కెనాన్ ఎస్‌ఎక్స్740 లాంటివి. వీటి సెన్సార్ దాదాపు 6.2 × 4.6 మి.మీ. మాత్రమే, అంటే వైశాల్యంలో నాలుగో వంతు. ఆ చిన్న సెన్సార్ వల్లనే టీజడ్99లో 24-720 మి.మీ., అంటే 30 రెట్ల జూమ్ జేబులో పడుతోంది (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంలోనిది దగ్గరగా కనిపిస్తుంది).

మైలాపూర్ మాడవీధిలో దీపాలు వెలిగే వేళ, బల్బు కింద మల్లెలు కడుతున్న ఆమె వేళ్లను తీయాలనుకోండి. వేళ్లు చకచకా ఆడుతుంటాయి కాబట్టి షట్టర్ వేగం కనీసం సెకనులో 1/125 వంతు కావాలి. జీ7ఎక్స్‌లో వైడ్ వైపు, అంటే జూమ్ చేయనప్పుడు, ఎఫ్/1.8 ఉంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెలుతురు లాగుతుంది), ఐఎస్‌ఓ (సెన్సార్ సున్నితత్వం) 800-1600 మధ్య పని అయిపోతుంది. టీజడ్99 వైడ్‌లోనే ఎఫ్/3.3. అదే షట్టర్‌కి ఐఎస్‌ఓ మూడు రెట్లు దాటి పెంచాలి, అదీ నాలుగో వంతు సెన్సార్ మీద. ఫలితం మైనం పూసినట్టు నునుపెక్కిన చర్మం, ముద్దగా కలిసిపోయిన పూరేకులు. ఫోను వరుసగా తీసిన ఫ్రేములను కలిపి చీకటిని గెలుస్తుంది గనక కదలని గోపురాన్ని బ్రహ్మాండంగా తీస్తుంది, కదిలే వేళ్ల దగ్గర మాత్రం చెదిరిపోతుంది. ఏ కెమెరా అయినా ఇలాంటి చోట ఎక్స్‌పోజర్‌ను (ఫోటో వెలుగును) -0.7కి దించండి. లేకపోతే బల్బు చుట్టూ తెల్లటి మచ్చ మిగులుతుంది, తర్వాత ఏం చేసినా అక్కడి వివరం తిరిగి రాదు.

పులికాట్‌లో కథ తిరగబడుతుంది. ఫ్లెమింగోలు పడవకు ఎంతో దూరంలో ఉంటాయి. జీ7ఎక్స్ 100 మి.మీ. దగ్గర ఆగిపోతుంది, పక్షులు చుక్కల్లా మిగులుతాయి. 720 దగ్గర టీజడ్99 లెన్స్ ఎఫ్/6.4. నిండు ఎండలో ఐఎస్‌ఓ 200 పెడితే షట్టర్ 1/1000 దాటుతుంది, పడవ ఊగినా పక్షి నిలుస్తుంది. కాకపోతే ఉదయం తొందరగా వెళ్లాలి. ఎండ ముదిరాక నీటి మీద వేడిగాలి అలల్లా ఆడుతుంది, అప్పుడు జూమ్ ఎంత పెంచితే మసక అంత పెరుగుతుంది. టీజడ్99కి వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ) లేదు కాబట్టి ఎండలో తెర కనపడక పక్షిని వెతకడం కష్టం. ముందు 24 దగ్గర పక్షిని ఫ్రేము మధ్యకు తెచ్చుకుని, చేయి కదపకుండా మెల్లగా జూమ్ చేయండి.

రెంటికీ మధ్యస్థం ఆర్‌ఎక్స్100 మార్క్ 7: అంగుళం సెన్సార్, 24-200 జూమ్, చిన్న వ్యూఫైండర్. అర్జున తపస్సు శిల్పంలో మీది వరుసల్లోని గంధర్వుల ముఖాలు తీయాలంటే 200 ఎంతో అవసరం. అయితే లెన్స్ ఎఫ్/2.8తో మొదలవుతుంది, అంటే జీ7ఎక్స్‌కి వచ్చే వెలుతురులో సగం కూడా రాదు. ధర కూడా గట్టిదే. గుళ్లు, వీధులు, మనుషులు మీకిష్టమైతే జీ7ఎక్స్ తీసుకోండి. పక్షుల కోసమే తిరిగేవాళ్లు ట్రావెల్ జూమ్ తీసుకుని, సాయంత్రాలు ఫోనుతో సర్దుకోవచ్చు. మార్క్ 7 ధర మోయగలిగితే ఇక ఆలోచించకుండా అదే తీసుకోండి. అంగుళం రకాల్లో బ్యాటరీ ఒక్కటి 250 ఫోటోల దగ్గర అయిపోతుంది, ఏది కొన్నా రెండోది కలిపి లెక్కేయండి.

ఈ ఊళ్లో కాంపాక్ట్‌ని చంపేవి ఇసుక, తేమ. లెన్స్ గొట్టాలు ఒకదాంట్లోంచి ఒకటి బయటికి వస్తాయి. మెరీనాలో ఒక్క రేణువు మధ్యలో ఇరుక్కుంటే కరకరమని శబ్దం, ఆ వెంటనే లెన్స్ ఎర్రర్. చాలాసార్లు లెన్స్ యూనిట్ మొత్తం మార్చాల్సి వస్తుంది. బీచ్‌లో ఆఫ్ చేసేముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి కొట్టే రబ్బరు బుడ్డితో) గొట్టం చుట్టూ ఊదండి, నోటితో మాత్రం వద్దు. ఏసీ గదిలోంచి బయటికి రాగానే అద్దం మీద పొగలా పట్టేది ఆవిరే. తుడిస్తే మళ్లీ పడుతుంది, ఆ తడితో లెన్స్ తెరిస్తే తేమ లోపలికి పోతుంది. బయల్దేరే అరగంట ముందు కెమెరాను జిప్ కవర్లో పెట్టి బాల్కనీలో నీడన ఉంచితే చాలు. వాడనప్పుడు తోలు సంచిలో దాచకండి, అది తేమను పట్టి ఉంచి లెన్స్‌కి బూజు తెప్పిస్తుంది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ మేలు.

పాత కెమెరా కొంటున్నారా? జూమ్ చివరిదాకా లాగి, ఎఫ్ అంకెను ఆ కెమెరాలో వీలైనంత పెంచి తెల్లగోడను తీయండి. నల్లమచ్చలు కనిపిస్తే సెన్సార్ మీద దుమ్ముంది. లెన్స్ ఊడిరాదు కాబట్టి దాన్ని ఇంట్లో శుభ్రం చేయలేం, కెమెరా విప్పాల్సిందే. తర్వాత ఇటుకల గోడను 24లో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే ఆ కెమెరా ఎప్పుడో కిందపడి లెన్స్ వంకరపోయి ఉండొచ్చు. ధర ఎంత తగ్గించినా దాన్ని తీసుకోకండి.