స్నోషూలా, స్కీలా?
సియాటెల్ నుంచి శీతాకాలంలో మెట్‌హౌ లోయకు (వాషింగ్టన్ రాష్ట్రంలోనే) వెళ్లే మనవాళ్లు మొదటిసారైతే స్నోషూలే (మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) తీసుకోండి. నడక వస్తే చాలు. క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌కు, అంటే సన్నని స్కీలపై మంచు బాట వెంట జారుతూ సాగడానికి, బ్యాలెన్స్ కుదరాలి, దిగుడులో ఆగడం రావాలి. వచ్చాక ఆ హాయే వేరు.

మర్యాద విషయంలో స్నోషూ వాళ్లకే ఎక్కువ జాగ్రత్త కావాలి. క్లాసిక్ స్కీ (స్కీలను సమాంతరంగా జారించే పద్ధతి) కోసం మెషీన్‌తో వేసిన జంట గాడిలో ఒక్క అడుగు పడినా అంచు విరుగుతుంది, వెనక వచ్చే స్కీ అక్కడ తడబడుతుంది. అందుకే బాట అంచునే నడవండి. కిందికి దిగుతున్న స్కీయర్‌కు దారివ్వండి, వాళ్లు చటుక్కున ఆగలేరు. స్కీయర్ పడితే ముందు పక్కకు జరిగి, పడిన గుంట పూడ్చాలి.

ప్రమాదం కూడా స్నోషూలతోనే ఎక్కువని నా అభిప్రాయం, బాట వదిలి ఎటైనా వెళ్లిపోవచ్చు కదా! 30 డిగ్రీలు దాటిన వాలుల్లోనే కాదు, వాటి కింద కూడా మంచు చరియల భయం ఉంటుంది. బయల్దేరే ముందు మంచు చరియల ముప్పు అంచనా వేసే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ హెచ్చరికలు చూడండి. కాటన్ బట్టలు మాత్రం రెండింటికీ వద్దు.